అందరికీ ఆరోగ్య బీమా వస్తే ఊబకాయం తగ్గుతుందా, పెరుగుతుందా?

మీ ఇంట్లో జరిగిన వాదన నాకు బాగా అర్థమైంది. వైద్యం ఖర్చు ఎవరో భరిస్తారని తెలిస్తే మనిషికి ఒంటి మీద శ్రద్ధ తగ్గుతుందనీ, తిండికి అదుపు ఉండదనీ, బీమా పెరిగినకొద్దీ పొట్టలు పెరుగుతాయనీ మీ బావగారు అంటున్నారు. బీమా ఉంటే జనం డాక్టరు దగ్గరికి వెళ్తారు, డాక్టరు చెబితే బరువు తగ్గుతారు అని మీరంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చమన్నారు.

నేను సామాజిక వైద్యం చదివి తొమ్మిదేళ్లు ప్రభుత్వాసుపత్రిలో పనిచేశాను. ఆ తర్వాత పదకొండేళ్లుగా బీమా క్లెయిముల కాగితాలు చూసే వైద్యుడిగా ఉన్నాను. అటు రోగిని, ఇటు కాగితాన్ని రెండింటినీ చూసినవాడిగా చెబుతున్నాను. బీమా వచ్చినంత మాత్రాన సగటు మనిషి బరువు చెప్పుకోదగినంతగా పెరగదు, తగ్గదు. మీ బావగారి భయానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి. మీ ఆశకు ఉన్న ఆధారాలు కూడా అంత గట్టివి కావు. బీమా దేనికి డబ్బు ఇస్తుంది, దేనికి ఇవ్వదు అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఈ విషయం తేల్చడం ఎందుకు కష్టమో ముందు చూద్దాం. బీమా ఉన్న వెయ్యి మందినీ లేని వెయ్యి మందినీ తూకం వేసి పోల్చితే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. మన దేశంలో పాలసీ కొనేది చేతిలో నాలుగు డబ్బులున్నవారు, కుర్చీలో కూర్చుని పనిచేసేవారు. ఇక్కడ బరువు ఎక్కువగా ఉన్నదీ వారిలోనే. అలా పోల్చితే బీమాయే లావు చేసినట్టు కనిపిస్తుంది. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ పేద మహిళల్లో ఊబకాయం ఎక్కువ, బీమా లేనివారూ పేదల్లోనే ఎక్కువ. అక్కడ అదే లెక్క వేస్తే బీమాయే సన్నబరిచినట్టు కనిపిస్తుంది. రెండు చోట్లా మనకు కనిపించేది బీమా చేసిన పని కాదు, ఆదాయం చేసిన పని. దీనికి తోడు, ఒంట్లో బాగాలేదని అనుమానం వచ్చాకే పాలసీ కోసం పరుగెత్తేవారు ప్రతి దేశంలోనూ ఉంటారు.

అందుకే ఎవరికి బీమా రావాలో చీటీ తీసి నిర్ణయించిన సందర్భం దొరికితే అది బంగారం. అలాంటిది 2008లో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో జరిగింది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ పథకంలో కొద్ది ఖాళీలు ఏర్పడ్డాయి. డబ్బు పరిమితం, కావలసినవారు లెక్కలేనంత మంది. సుమారు 90,000 మంది పేర్లు ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేక రాష్ట్రం లాటరీ వేసింది. పేరు వచ్చినా దరఖాస్తు నింపి పంపాలి, చాలామంది పంపలేదు. పంపినవారిలో కొందరికి అర్హత లేదని తేలింది. అయినా గెలిచిన గుంపులో బీమా ఉన్నవారు ఓడిన గుంపులో కన్నా బాగా ఎక్కువ. రెండు గుంపుల మధ్య తేడా అదృష్టం ఒక్కటే. పరిశోధకుడికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు.

సుమారు రెండేళ్ల తర్వాత పోర్ట్‌లాండ్ ప్రాంతంలో 12,229 మందిని స్వయంగా కలిశారు. ఎత్తు, బరువు కొలిచారు. బీపీ చూశారు. వేలి చివర గుచ్చి రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ సగటు పరీక్షించారు. ఏ మందులు వాడుతున్నారో అడిగి రాసుకున్నారు. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, బరువు గురించి వచ్చే అధ్యయనాల్లో చాలావరకు ఫోను చేసి ‘మీ బరువెంత?’ అని అడిగి రాసుకున్నవే. ఫోనులో అడిగితే చాలామంది కాస్త తగ్గించే చెబుతారు. ఈమధ్య డాక్టరు దగ్గర తూకం వేయించుకున్న మనిషి ఉన్నదున్నట్టు చెబుతాడు. అంటే బీమా వచ్చాక బరువు పెరగకపోయినా, కాగితం మీద పెరిగినట్టు కనిపించవచ్చు. ఇలాంటి అధ్యయనం ఏది చదివినా, బరువు తూచారా, అడిగి రాసుకున్నారా అన్నది మొదట చూడండి.

2013లో ఫలితాలు వచ్చాయి. బీమా వచ్చినవారు ఆసుపత్రులకు ఎక్కువగా వెళ్లారు. వైద్య సేవల వాడకం దాదాపు మూడో వంతు పెరిగింది. షుగర్ ఉన్నట్టు కొత్తగా బయటపడినవారు పెరిగారు, మందులు మొదలుపెట్టినవారూ పెరిగారు. కుంగుబాటు లక్షణాలున్నవారు తొమ్మిది శాతం పాయింట్లకు పైగా తగ్గారు. వైద్యం ఖర్చుతో ఇల్లు గుల్లయ్యే పరిస్థితి దాదాపుగా కనుమరుగైంది. బీపీలో, కొలెస్ట్రాల్‌లో, షుగర్ సగటులో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. ఊబకాయంలోనూ రాలేదు, పొగతాగే అలవాటులోనూ రాలేదు.

ఈ ఫలితాలు రాగానే అమెరికాలో పెద్ద రగడ జరిగింది. బీమా వల్ల ఒరిగిందేమీ లేదని ఒక పక్షం గొంతెత్తింది. ఆ మాట నాకు అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లే కుటుంబాలను చూసినవాడు ఆ మాట అనలేడు. అప్పుల పాలు కాకుండా కాపాడటం బీమా మొదటి బాధ్యత, దాన్ని అది చక్కగా నెరవేర్చింది. మనసు కొంత తేలికపడింది. నడుము కొలత తగ్గించడం దాని పని అని మనం అనుకుంటున్నాం గానీ, ఆ పనికి కావలసిన పనిముట్లు దాని చేతికి ఎవరూ ఇవ్వలేదు.

మీ బావగారి వాదనకు శాస్త్రంలో మోరల్ హజార్డ్ అనే పేరుంది. నష్టం మరొకరు భరిస్తారంటే జాగ్రత్త తగ్గుతుందన్నది దాని సారం. దీన్ని మొట్టమొదట పెద్ద ఎత్తున పరీక్షించింది అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ. 1974 నుంచి 1982 వరకు వేలమంది అమెరికన్లకు రకరకాల పాలసీలు ఇచ్చి చూశారు. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం. మరికొందరు ఏడాదికి ఒక పరిమితి దాకా ఖర్చులో 95 శాతం చేతి నుంచి పెట్టుకోవాలి. ఉచితంగా వచ్చినవారు సేవలు బాగా ఎక్కువగా వాడుకున్నారు. బరువులో, పొగతాగడంలో తేడా మాత్రం కనబడలేదు. ఉచిత వైద్యం ఉంది కదా అని ఎవరూ అదనంగా తినలేదు.

అయితే బావగారి వైపు మొగ్గే అధ్యయనాలు అసలు లేవని చెబితే నేను అబద్ధమాడినట్టే. ర్యాండ్‌లో అందరికీ ఏదో ఒక బీమా ఉంది, ఏమీ లేనివారితో పోల్చలేదు కదా అని కొందరు ఆర్థికవేత్తలు వేరే దారిలో లెక్కలు కట్టారు. అసలు బీమా లేనివారికి బీమా వస్తే బరువు కొంత పెరుగుతుందని వారికి తేలింది. 65 ఏళ్లు నిండగానే అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా వస్తుంది. అది వచ్చాక బీమాలేమి నుంచి బయటపడిన వృద్ధ పురుషుల్లో ఆరోగ్యపు జాగ్రత్తలు కొంత సడలాయని మరొక అధ్యయనం చెప్పింది. మరోవైపు, 2006లో మసాచుసెట్స్ రాష్ట్రం దాదాపు అందరికీ బీమా తెచ్చాక అక్కడ సగటు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) కాస్త తగ్గిందని ఇంకో బృందం చూపించింది. 2010లో వచ్చిన ఒబామా ఆరోగ్య బీమా చట్టం 26 ఏళ్లు వచ్చేదాకా పిల్లలు తల్లిదండ్రుల పాలసీలో ఉండవచ్చని చెప్పింది. ఆ వయసువారిలోనూ బీఎంఐ కొంత తగ్గింది. మద్యం తాగడంలో మాత్రం హద్దు దాటడం పెరిగింది. 2014లో అదే చట్టం కింద కొన్ని రాష్ట్రాలు మెడికెయిడ్‌ను విస్తరించాయి, కొన్ని విస్తరించలేదు. ఆ రెండు రకాల రాష్ట్రాలను మొదటి రెండేళ్లకు పోల్చినప్పుడు బరువు అటూ ఇటూ కదలలేదు, జనం అజాగ్రత్తగా మారిన ఆనవాలూ లేదు. ఒకదానికొకటి ఎదురు చెప్పే ఇన్ని ఫలితాలను పక్కపక్కన పెడితే, అసలు ప్రభావం సున్నాకు దగ్గర్లోనే ఉందని నా నిర్ణయం. బలమైన ప్రభావమే ఉంటే లాటరీలో కనిపించకుండా పోదు.

సగటు కదలలేదంటే ఎవరి బరువూ మారలేదని కాదు. ఈ సంగతి పత్రికల్లో సరిగ్గా రాదు, అందుకే కొంచెం నిలబడి చెబుతాను. బీమా వచ్చాక కొందరు పెరుగుతారు, కొందరు తగ్గుతారు, రెండూ కలిపితే సున్నా అవుతుంది. పెరిగేవారిలో చాలామంది మంచి కారణంతోనే పెరుగుతారు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నట్టు తెలియక చిక్కిపోయిన మనిషికి ఇన్సులిన్ మొదలుపెడితే ఒంటికి తిండి పడుతుంది, నాలుగైదు కిలోలు పెరుగుతాడు. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసి ఎండిపోయినవారూ, క్షయ ఉన్నవారూ వైద్యం అందితే పెరుగుతారు. సిగరెట్ మానితే బరువు పెరుగుతుంది. కుంగుబాటుకూ మానసిక వ్యాధులకూ ఇచ్చే కొన్ని మందులు ఆకలి పెంచుతాయి. మందుల బిల్లు తప్పితే మిగిలిన డబ్బులో కొంత తిండికే వెళ్తుంది. అది పాలకూ గుడ్లకూ వెళ్లిందా, చిప్స్ ప్యాకెట్లకు వెళ్లిందా అన్నది ఇంటింటికీ మారుతుంది. కాటా మీద అంకె పెరిగిందని బీమాను తప్పుపట్టేముందు ఇవన్నీ విడదీసి చూడాలి.

ఇక మీ వాదన. డాక్టరు దగ్గరికి వెళ్తే బరువు ఎందుకు తగ్గడం లేదు? ఎందుకంటే బరువు తగ్గించేది ఒక్కసారి వెళ్లి వచ్చిన సందర్శన కాదు. మొదటి ఏడాదిలో కనీసం 12 సార్లు, వీలైతే రెండు డజన్ల సార్లు కూర్చోబెట్టి మాట్లాడితేనే ఫలితం ఉంటుందని అమెరికా నిపుణుల బృందం 2012లో తేల్చింది. మెడికేర్ 2011 చివరి నుంచే వృద్ధులకు ఆ సలహాలకు డబ్బిస్తోంది. మొదటి నెల వారానికోసారి, తర్వాత ఆరో నెల దాకా పదిహేను రోజులకోసారి రావాలి. ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గితేనే మిగతా ఆరు నెలలకు డబ్బు వస్తుంది. ఇంత సదుపాయం ఉన్నా అర్హుల్లో అతి తక్కువ మంది వాడుకున్నారు. డాక్టరుకు తీరిక ఉండదు, దానికి వచ్చే రుసుమూ తక్కువ. రోగికి అలా ఒకటి ఉందనే తెలియదు.

జపాన్ మరింత దూరం వెళ్లింది. 2008 నుంచి 40 ఏళ్లు దాటి 74 వరకు ఉన్నవారందరికీ బీమా సంస్థలే ఏటా నడుము కొలిపించాలి. మగవారికి 85 సెంటీమీటర్లు, ఆడవారికి 90 సెంటీమీటర్లు గీత. దాటినవారికి సలహాలు ఇప్పించాలి, లక్ష్యం అందుకోని సంస్థలు జరిమానా కట్టుకోవాలి. నివారణను బీమా నెత్తిన పెట్టడం నాకు ఎంతో నచ్చిన ఆలోచన. కానీ గీతకు కాస్త ఇటూ అటూ ఉన్న మగవారిని పోల్చిన అధ్యయనం 2020లో వచ్చింది. సలహాకు పిలిచినవారి బరువు ఏడాదికి సగటున 0.29 కిలోలే తగ్గింది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌లో మెరుగు లేదు. ఆ అంకె చూసినప్పుడు నాకు కలిగిన నిరాశ ఇంతా అంతా కాదు. పిలిచినవారిలో కొద్దిమందే వచ్చారన్నది ఒక కారణం. మనిషి రోజంతా ఉండే వంటింటిని, కార్యాలయాన్ని, వీధిని ఒక గంట మాటలు మార్చలేవన్నది నాకు కనిపించే మరో కారణం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కొత్త ఇంజెక్షన్లు రాకముందు కాలానివని గుర్తుంచుకోవాలి. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్‌ను బరువు తగ్గించే మందుగా అమెరికా 2021లో అనుమతించింది. ముఖ్యమైన పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది. మాటలతో ఇన్నాళ్లూ సాధ్యం కానిది మందుతో సాధ్యమైంది. వెంటనే బీమాకు అసలు పరీక్ష ఎదురైంది. 2021లో వచ్చినప్పుడు అమెరికాలో దాని ప్రకటిత ధర నెలకు 1,349 డాలర్లు. బరువు తగ్గించే మందులకు మెడికేర్ డబ్బు ఇవ్వరాదని 2003 నాటి చట్టం ఉంది. గుండెజబ్బు ముప్పు తగ్గిస్తుందని తేలిన తర్వాతే, 2024లో, గుండెజబ్బు ఉన్నవారి మేరకు తలుపు కొంచెం తెరుచుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో నార్త్ కరొలైనా రాష్ట్ర ఉద్యోగుల పథకం, ఖర్చు మోయలేక, బరువు కోసం ఈ మందులు ఇవ్వడం ఆపేసింది. అక్కడే నాకు గుండె కలుక్కుమంటుంది. ఈ మందు ఆపితే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వస్తుందని పరీక్షల్లోనే తేలింది. ఏడాది పాటు ఇచ్చి మధ్యలో చేయి వదిలితే ఖర్చూ పోయింది, ఫలితమూ పోయింది. ఈ మందులకు నిలకడగా డబ్బిచ్చే బీమా వస్తే, ఒరెగన్ ప్రయోగం మళ్లీ చేసినా అదే ఫలితం వస్తుందని నేను అనుకోను.

మన రాష్ట్రాల సంగతి కూడా అడిగారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. పేదవాడికి గుండె ఆపరేషన్ అందుబాటులోకి తెచ్చిన పథకం అది, ఆ మేలును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ దాని స్వభావమే ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్స. ఆ తర్వాతి ఏళ్లలో మన నడుములు ఏమయ్యాయో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. అధిక బరువో ఊబకాయమో ఉన్న మహిళలు దేశంలో 24 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1 శాతం. ఇది ఆరోగ్యశ్రీ వల్ల జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. తెల్లన్నం పళ్లెం నిండా, కాయకష్టం తగ్గడం, చేతికందే నూనె వస్తువులు, మోటారు సైకిళ్లు, టీవీ ముందు సాయంత్రాలు దీనికి కారణాలు. ఆరోగ్యశ్రీ దీన్ని పెంచలేదు, ఆపనూ లేదు.

ఒక మనిషిని చూపిస్తాను. నేను ప్రభుత్వాసుపత్రిలో ఉన్నప్పుడు ఒక ఆటో డ్రైవరు ఓపీకి వచ్చాడు. 46 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట ఒక పెద్దాసుపత్రిలో కార్డు మీద రెండు స్టెంట్లు వేశారు. చేతిసంచిలో ప్లాస్టిక్ కవరు, అందులో డిశ్చార్జి కాగితాలు నాలుగు మడతలు పెట్టి భద్రంగా దాచుకున్నాడు. నర్సు తూకం వేసింది. డిశ్చార్జి రోజు 81 కిలోలు ఉన్నవాడు 88కి వచ్చాడు. కాగితం చివర ఆహార నియమాల గురించి రెండే మాటలు ఉన్నాయి, అవీ ఇంగ్లీషులో. ‘గుండె బాగు చేశారు కదా సార్, ఇంక బరువులు ఎత్తకూడదని ఇంట్లో నన్ను కదలనివ్వడం లేదు’ అన్నాడు. అతను నిర్లక్ష్యం చేయలేదు. భార్య ప్రేమతో రోజూ నెయ్యి వేసి పెడుతోంది, ఒళ్లు నీరసించిందని. నడవాలని, ఎంత నడవాలో, ఏం తినాలో కూర్చోబెట్టి ఒక్కరూ చెప్పలేదు. లక్షకు పైగా ఖర్చయ్యే చికిత్సకు పథకంలో ప్యాకేజీ ఉంది. అరగంట మాటకు లేదు. మీ బావగారు ‘అజాగ్రత్త’ అంటున్నది చాలాసార్లు ఇలాగే ఉంటుందని చెప్పడానికి ఇది రాశాను.

ఆయుష్మాన్ భారత్‌కు రెండు చేతులున్నాయి. ఐదు లక్షల కార్డు అందరికీ తెలుసు. రెండో చేయి ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలు. ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటినవారి ఇంటికి వెళ్లి ఒక పత్రం నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి, టేపుతో నడుము కొలుస్తుంది. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే మార్కులు పడతాయి. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. మన బరువుల కథ మారితే ఆ టేపు దగ్గరే మారుతుందని నా నమ్మకం. కానీ కొలిచాక ఏం చేయాలో చెప్పే మనిషి, చెప్పిన పదిహేను రోజులకు మళ్లీ వచ్చి అడిగే మనిషి కావాలి. జపాన్ ఫలితం నుంచి మనం నేర్చుకోవలసింది అదే.

సొంతంగా పాలసీ కొన్నవారికి ఒక మాట. మీ పాలసీ పత్రంలో మినహాయింపుల భాగంలో 06 నంబరు కింద ఊబకాయం, బరువు నియంత్రణ అని ఉంటుంది. 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 దాటితేనో, 35 దాటి గుండెజబ్బు, నిద్రలో శ్వాస ఆగే తీవ్రమైన సమస్య, మందులు వాడినా లొంగని షుగర్ లాంటివి ఉంటేనో, అదీ ఇతర మార్గాలు విఫలమయ్యాక డాక్టరు సలహా మీద చేసే శస్త్రచికిత్సకే డబ్బు వస్తుంది. నా బల్ల మీదికి వచ్చే క్లెయిముల్లో తిరస్కరణకు గురయ్యేవి ఎక్కువగా ‘ఇతర మార్గాలు విఫలమయ్యాయి’ అనే రుజువు లేనివే. ఆహార నిపుణురాలి చీటీలు, తూకం వేసిన తేదీలు, వాడిన మందుల బిల్లులు పారేయకుండా ఒక ఫైలులో ఉంచండి. మన శరీర తత్వానికి బీఎంఐ 23 దగ్గరే ముప్పు మొదలవుతుందని మన వైద్యులు చెబుతుంటే, పాలసీ కళ్లు తెరిచేది 35 దగ్గర. ఈ మధ్యలో ఉన్న కోట్ల మందికి బీమా నుంచి దాదాపు ఏమీ రాదు.

మీది ఉద్యోగం ద్వారా వచ్చిన గ్రూపు పాలసీ అన్నారు కాబట్టి, ఓపీ ఖర్చులు, ఆహార నిపుణుల సలహాలు అందులో ఉన్నాయో లేవో మీ కార్యాలయంలో అడగండి. కొన్ని కంపెనీలు వాటికి విడిగా కొంత మొత్తం ఇస్తాయి, ఎవరూ అడగక ఏడాది చివర అది మురిగిపోతుంది. బావగారికి షుగర్ మందులు మారాయని రాశారు. ఏ మందు మొదలుపెట్టాక బరువు పెరిగిందో తేదీలతో రాసుకుని వారి డాక్టరుకు చూపించమనండి, సొంతంగా ఏదీ ఆపవద్దని కూడా చెప్పండి. పాలసీ మినహాయింపుల పేజీలో అర్థం కానిది ఉంటే ఆ వాక్యం నాకు రాసి పంపండి, విడమరిచి చెబుతాను.